బల్ల యొద్దకు వచ్చుటకు ముందు
(పాపపు ఒప్పుకోలునకు సిద్ధపాటు)

ధ్యానింపవలసిన వాక్యభాగములు: కీర్తన 32; మత్తయి 5:23, 24; లూకా 19:1–10; 1 కొరింథీ 11:17–34.



మన సంఘములలో అనేకచోట్ల నెలకొకసారి ప్రభురాత్రి భోజనపు ఆదివారము వచ్చుచుండును. శనివారము సాయంకాలమే గుడి ఊడ్చుదుము. బల్లపై తెల్లగుడ్డ పరచుదుము. రొట్టెయు ద్రాక్షారసమును సిద్ధపరచుదుము. ఇండ్లలో తల్లులు పిల్లల బట్టలు ఉతికి ఆరవేయుదురు. కానుక సంచిలో వేయవలసిన డబ్బును కొంగున ముడివేసికొందురు. అన్నియు సిద్ధమైనవి. హృదయమో?

ఆ ఆదివారమున మన మధ్య రెండు విధములైనవారు కనబడుదురు. కొందరు ఏ తలంపును లేకుండ, వరుస కదలగానే తామును లేచి, మోకరించి, పుచ్చుకొని, తిరిగివచ్చి కూర్చుందురు. మరికొందరు ప్రసంగము ముగియగానే చెప్పులు వేసికొని మెల్లగా బయటికి వెళ్లిపోవుదురు. "నేను యోగ్యుడను కాను" అని వారి మాట. ఒకటి రెండు నెలలు కాదు, ఏండ్ల తరబడి అట్లు వెళ్లుచున్నవారు ఉన్నారు. మొదటివారికి భయము లేదు. రెండవవారికి ధైర్యము లేదు. ఇద్దరికిని లేనిది సిద్ధపాటే.

పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసిన మాటలను నిదానముగా చదువుదము. అయోగ్యముగా తినుటనుగూర్చి అతడు చేసిన హెచ్చరికను చూచి మనలో అనేకులు భయపడుచున్నారు. అతడు ఎవరిని గద్దించెనో ఆ అధ్యాయములోనే ఉన్నది. ఆ సంఘములో కలిగినవారు ముందుగా వచ్చి కడుపునిండ తిని త్రాగుచుండిరి. పేదవారు ఆకలితోనే మిగిలిపోవుచుండిరి. సహోదరుని ఆకలి ఎరుగక తినుటయే అక్కడి అయోగ్యత. దానికి మందుగా పౌలు చెప్పినదేమి? ప్రతివాడును తన్ను తాను పరీక్షించుకొని, ఆ తరువాత తినవలెనని చెప్పెను. పరీక్షించుకొని ఇంటికి వెళ్లిపొమ్మని చెప్పలేదు. కాబట్టి పరీక్ష లేకుండ వచ్చుట ఎంత తప్పో, పరీక్షకు వెరచి రాకుండుటయు అంత నష్టమే.

ఒప్పుకోలు అనగా ఏమి?

మన భాషలోని మూడు మాటలను ముందుగా తెలిసికొందము.

మొదటిది పశ్చాత్తాపము. పశ్చాత్ అనగా తరువాత. తాపము అనగా మంట. చేసిన తరువాత గుండెలో పుట్టు మంటయే పశ్చాత్తాపము. ఇది అవసరమే, గాని ఇది చాలదు. యూదాకును ఈ మంట కలిగెను. ముప్పది వెండి నాణెములను దేవాలయములో పారవేసెను. అయితే మంటతో ప్రభువు నొద్దకు పోక, మంటతో చీకటిలోనికి పోయెను.

రెండవది మారుమనస్సు. మనస్సు మారుట, త్రోవ మార్చుకొనుట. తప్పు దారిలో నడుచుచున్నవాడు అక్కడనే కూర్చుండి ఏడ్చినయెడల ఊరు చేరడు. లేచి, వెనుకకు తిరిగి నడువవలెను.

మూడవది ఒప్పుకోలు. ఒకరు చెప్పినదానికి మనమును సరేయనుట ఒప్పుకొనుట. దేవుడు దేనిని తప్పని చెప్పుచున్నాడో దానిని మనమును తప్పని చెప్పుటయే పాపపు ఒప్పుకోలు. మనము చెప్పువరకు దేవునికి తెలియదని కాదు. ఆయనకు తెలిసినదానిని మనము కాదనుట మానివేయుదుము, అంతే. నొప్పి ఎక్కడ ఉన్నదో వైద్యునికి చూపింపక చేయి అడ్డుపెట్టుకొనినవాడు ఎట్లు బాగుపడును? ఆ చేయి తీయుటయే ఒప్పుకోలు.

మనకు ముందున్నవారు నడిచిన త్రోవ

ఇది క్రొత్త సంగతి కాదు. క్రీ.శ. 1215లో రోమాలో కూడిన నాలుగవ లాటెరన్ మహాసభ, ప్రతి విశ్వాసియు సంవత్సరమునకు ఒకసారియైనను గురువు నొద్ద పాపములు ఒప్పుకొనవలెనని నియమించెను. 1517లో మార్టిన్ లూథర్ 95 సిద్ధాంత వాక్యములు ప్రకటించినప్పుడు మొదటి వాక్యమునందే మారుమనస్సును ముట్టుకొనెను. విశ్వాసి బ్రతుకంతయు మారుమనస్సుగా ఉండవలెనని ప్రభువు కోరుచున్నాడనుటయే దాని భావము. ఏడాదికొకసారి తీర్చివేసి మరచిపోవు శిస్తువంటిది కాదు మారుమనస్సు. ప్రతిదినము పొయ్యి రాజేసినట్లు రాజేయవలసినది.

అయితే లూథరు ఒప్పుకోలును త్రోసివేయలేదు. బలవంతమును తీసివేసి, ఆదరణను నిలిపెను. 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణము, ఒప్పుకోలును విడువకూడదనియు, ప్రతి పాపమును లెక్కపెట్టి చెప్పవలెనను నిర్బంధము లేదనియు బోధించుచున్నది. తన పొరపాట్లన్నిటిని ఎరిగినవాడెవడని 19వ కీర్తన అడుగుచున్నది గదా! 1529లో వెలువడిన లూథరు చిన్న ప్రశ్నోత్తరికి 1531లో ఒప్పుకోలు పాఠము చేరెను. ఏ పాపములను ఒప్పుకొనవలెనను ప్రశ్నకు ఆ పాఠము ఇచ్చు జవాబు మిక్కిలి సుళువైనది. నీవు తండ్రివా, తల్లివా, కుమారుడవా, కుమార్తెవా, యజమానుడవా, పనివాడవా? దేవుడు నిన్ను ఉంచిన స్థానమునందు నిలిచి, పది ఆజ్ఞల వెలుగులో నిన్ను నీవు చూచుకొమ్మని దాని సారాంశము.

మన తెలుగు నేలమీదను ఈ జాగ్రత్త ఉండెను. 1876 మొదలుకొని 1878 వరకు గొప్ప కరువు వచ్చినప్పుడు ఒంగోలు ప్రాంతమున జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో కొంతభాగము కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపించెను. వేలమంది బాప్తిస్మము అడిగిరి. కూటికొరకు అడుగుచున్నారో క్రీస్తుకొరకు అడుగుచున్నారో తేలవలెనని, ఆ సహాయపు దినములలో ఆయన బాప్తిస్మములు నిలిపివేసెను. ఆ తరువాత 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈనాడు మనము ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకొందుము. ఆ సంఖ్యకు ముందున్న నిరీక్షణను, తమ్మును తాము పరీక్షించుకొనిన కాలమును తరచుగా మరచిపోవుదుము.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. 1950లో ఆ సంఘమునకు సిద్ధమైన ప్రభు భోజన ఆరాధన క్రమములోను ఒప్పుకోలు సిద్ధపాటు భాగమునందే ఉన్నది. బల్లకు ముందు ఒకరి చేతినుండి ఒకరి చేతికి సమాధానము అందించుకొను ఆచారమును ఉన్నది. దేవునితో సరిపడుట, పొరుగువానితో సరిపడుట – ఈ రెండు ద్వారములగుండ వచ్చియే రొట్టె విరుచు బల్ల చేరవలెనని మనకు ముందున్నవారు ఎరిగియుండిరి. మన సిద్ధపాటులో నాలుగు మెట్లు ఉన్నవి.

మొదటి మెట్టు: నిలిచి చూచుకొనుట

పోయిన నాణెమును వెదకిన స్త్రీ మొదట దీపము వెలిగించెను. తరువాత ఇల్లు ఊడ్చెను. ఇల్లు ఊడ్చువారికి తెలియును: దుమ్ము నడిమింట నిలువదు, మూలలయందును, మంచముల క్రిందను, పెట్టెల వెనుకను చేరును. హృదయమును అట్టిదే. పదిమందికి కనబడుచోట మనము శుభ్రముగానే ఉందుము. వాక్యమను దీపముతో మూలలు చూడవలెను.

గుమ్మడికాయల దొంగ అనగానే భుజములు తడుముకొనెనని మన పెద్దలు చెప్పుదురు. గుడిలో ప్రసంగము వినునప్పుడు మనము అంతకన్న గట్టివారము. మన భుజములు తడుముకొనము. ప్రక్కవాని భుజముల వైపు చూచుదుము! "ఈ మాట వానికి బాగుగా తగిలినది" అనుకొనుచు ఇంటికి పోవుదుము. అట్టివానికి వాక్యము చేతిలోని దీపము కాదు, ఎదుటివాని కండ్లలో కొట్టు దీపము.

కాబట్టి ప్రతివారమును మనమున్న స్థానమునుండి చూచుకొందము. సేద్యము చేయువారు: దున్నునప్పుడు గట్టును సాలెడైనను లోపలికి జరిపితిమా? పొరుగువాని వంతు నీరు రాత్రివేళ మన మడికి మళ్లించితిమా? పొలిమేర రాయిని జరుపకూడదని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో ఉన్నది. కూలి ఇచ్చువారు: సాయంకాలము ఇయ్యవలసిన కూలిని రేపు మాపని త్రిప్పితిమా? కూలివాని కూలి తెల్లవారువరకు మన యొద్ద నిలువరాదని లేవీయకాండము 19వ అధ్యాయము శాసించుచున్నది. కూలికి పోవువారు: యజమానుడు గట్టుమీద ఉన్నప్పుడు ఒక విధముగాను, లేనప్పుడు ఒక విధముగాను పని చేసితిమా? అంగడి పెట్టుకొన్నవారు: తూకములో, కొలతలో తక్కువ చేసితిమా?

భర్తలు: ఇంటి బియ్యపు డబ్బు సారా దుకాణములో పోసితిమా? భార్యమీద చేయి ఎత్తితిమా? స్త్రీలు: బోరింగు యొద్ద బిందె నిండువరకు ఎవరి కాపురమును చెరిగితిమి? పొదుపు సంఘపు డబ్బు, చీటీ డబ్బు సరిగా ముట్టజెప్పితిమా? యౌవనులు: తలిదండ్రులకు తెలియనీయక ఫోనులో ఏమి చూచుచున్నాము, ఎవరిని మోసపుచ్చుచున్నాము? సంఘ పెద్దలు: కానుకల లెక్క వెలుగులో ఉంచితిమా? ఒకడే తప్పు చేసిన ఇద్దరిలో కలిగినవానిని ఒక రీతిగాను, పేదవానిని మరియొక రీతిగాను విచారించితిమా? మనమందరము: బల్ల యొద్ద ఒకే రొట్టె తిని, ఇంటి గుమ్మములో కులము చూచితిమా?

తిలా పాపం తలా పిడికెడు అను మాట ఉన్నది. అందరును చేసినది ఎవరిదియు కాకుండ పోవును. దేవుని యెదుట అట్లు పోదు. మన పిడికెడు మనమే విప్పి చూపవలెను.

రెండవ మెట్టు: పేరు పెట్టి చెప్పుట

"ప్రభువా, తలంపుచేతను, మాటచేతను, క్రియచేతను పాపము చేసితిమి" అని సంఘముగా చెప్పుట మంచిదే. కాని ఆ మాటల చాటున మన పాపము దాగుకొనకూడదు. అన్ని పాపములను ఒప్పుకొని ఏ ఒక్క పాపమును ఒప్పుకొననివారు అనేకులు.

సౌలును దావీదును ప్రక్కప్రక్కన నిలువబెట్టి చూడుడి. తాము పాపము చేసితిమని ఇద్దరును పలికిరి. అయితే సౌలు మొదట గొఱ్ఱెల అరుపును బలికొరకని చెప్పెను. తరువాత తప్పును జనులమీద త్రోసెను. చివరకు ఒప్పుకొనియు, పెద్దల యెదుట తన ఘనత కాపాడుమని సమూయేలును బ్రతిమాలెను (1 సమూయేలు 15). అతడు భయపడినది పరువుకు. దావీదు చేసిన పాపము సౌలు పాపముకంటె చిన్నది కాదు. పొరుగువాని భార్యను తీసికొనెను, ఆ పొరుగువానిని చంపించెను. నాతాను ఒక పేదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పి, ఆ మనుష్యుడవు నీవేయనినప్పుడు దావీదు ఎవరిమీదను నెపము పెట్టలేదు, ఒక్క సాకు చెప్పలేదు (2 సమూయేలు 12). రాజు సింహాసనముమీదనే తగ్గించుకొనెను.

దాచిన పాపము మనిషిని ఏమి చేయునో 32వ కీర్తన చెప్పుచున్నది. మౌనముగా ఉన్న దినములలో ఎముకలు కూడ క్షీణించినట్లు, వేసవి ఎండకు సారమింకినట్లు ఆయెనని దావీదు చెప్పుకొనుచున్నాడు. చైత్ర వైశాఖములలో మన చెరువులు చూచినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. నీరు ఇంకిన తరువాత బీటలు కనబడును. ప్రార్థన ఎండిపోవును, నిద్ర పట్టదు, ఇంటిలో ఊరక కోపము వచ్చును. కారణము వెదకినయెడల ఎక్కడనో ఒక మాట లోపల పూడ్చబడియుండును.

ఈ ఒప్పుకోలు మొదట దేవునికే. అయితే ఒంటరిగా మోయలేని భారము కొన్ని మనస్సులలో ఉండును. అట్టివారు గురువుగారి యొద్దకో, నమ్మదగిన పెద్ద విశ్వాసి యొద్దకో వెళ్లి చెప్పవచ్చును. ఒకరితో ఒకరు ఒప్పుకొని ఒకరికొరకు ఒకరు ప్రార్థింపవలెనని యాకోబు పత్రిక 5వ అధ్యాయము నేర్పుచున్నది. అక్కడ మూడు జాగ్రత్తలు కావలెను. చెప్పువాడు తన పాపమునే చెప్పవలెను. ఇతరుల పేర్లను లాగి వారి బ్రతుకు బజారున పెట్టకూడదు. వినువాడు ఆ మాటను తన భార్యకైనను, భర్తకైనను చెప్పకూడదు. ప్రార్థన మనవియను పేరుతో దానిని కూటములలో పంచిపెట్టకూడదు. ఒక్కసారి విశ్వాసము చెడినయెడల ఆ ఊరిలో మరల ఎవరును నోరు విప్పరు. భారములు మోయుచునే చనిపోవుదురు.

మూడవ మెట్టు: సరిచేయుట

ఇక్కడనే మనలో అనేకులు ఆగిపోవుచున్నాము. కన్నీళ్లవరకు వచ్చుదుము, సంచి విప్పుటవరకు రాము.

లేవీయకాండము 6వ అధ్యాయము చూడుడి. పొరుగువానిని మోసపుచ్చినవాడు, దోచుకొన్నవాడు, దొరికినదానిని దాచినవాడు తన అపరాధము తెలిసికొనినప్పుడు, తీసికొన్న మూలధనమును, దానిపై అయిదవ వంతును కలిపి సొంతదారునికి ఇయ్యవలెను. ఆ మీదట అపరాధ పరిహారార్థ బలి తేవలెను. అనగా వెయ్యి రూపాయలు తీసికొన్నవాడు పన్నెండు వందలు ఇచ్చి, అటుతరువాత దేవుని సన్నిధికి రావలెను. అన్యాయము పొందినవాడు చనిపోయినయెడల ఏమి చేయవలెనో సంఖ్యాకాండము 5వ అధ్యాయము చెప్పుచున్నది: అతని బంధువునకు ఇయ్యవలెను, బంధువు లేనియెడల అది యాజకుని వశమగును. మనిషి చనిపోయినంతమాత్రమున బాకీ చావదు.

యెరికో ఊరి సుంకరి జక్కయ్య ఈ సంగతి ఎరిగియుండెను. ప్రభువు అతని ఇంటికి వచ్చిన తరువాత అతడు ఒక కీర్తన పాడెనని లూకా వ్రాయలేదు. ఆస్తిలో సగము బీదలకు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు. అతని ఒప్పుకోలు లెక్కలతో కూడిన ఒప్పుకోలు. ప్రభువు రక్షణను అమ్మలేదు; జక్కయ్య కొనలేదు. ప్రభువు ముందుగా ఇంటిలో అడుగుపెట్టెను. ఆ మీదట జక్కయ్య చేతులు తెరచుకొనెను. ఆ క్రమమును మరువకూడదు.

డబ్బుకంటె కష్టమైన బాకీ మరియొకటి ఉన్నది. అది మాట. ఒక ఇంటిని తలంచుకొందము. అన్నదమ్ములు ఇద్దరు. తండ్రి చనిపోగా పొలము పంచుకొనిరి. గట్టు దగ్గర మూడు బారల నేలకు మాట పెరిగి, ఎనిమిదేండ్లుగా ముఖములు చూచుకొనరు. అన్న కూతురి పెండ్లికి తమ్ముడు పోలేదు. తమ్ముని ఇంట బిడ్డ పుట్టినయెడల అన్న చూడ రాలేదు. ముసలితల్లి నెల ఒక ఇంట, నెల ఒక ఇంట అన్నము తినుచున్నది. ఆ ఇంటి మాట ఈ ఇంట ఎత్తకూడదు, ఈ ఇంటి మాట ఆ ఇంట ఎత్తకూడదు. నోటి దగ్గర ముద్ద పెట్టుకొని కండ్లు తుడుచుకొనుచున్నది. ఆదివారమున అన్న కుడివైపు కూర్చుండును; తమ్ముడు ఎడమవైపు. ఒకే రొట్టె, ఒకే పాత్ర. వెనుక వరుసలో ఆ తల్లి కూర్చుండి ఇద్దరిని చూచుచున్నది. ప్రభువునకు ఆ గుడిలో ఏమి కనబడునో మనము ఆలోచింపవలెను. ఇట్టి ఇల్లు మన ఊరిలో లేదని చెప్పగలవారు ఎందరు?

బలిపీఠము నొద్ద అర్పణము నర్పించుచుండగా, సహోదరునికి మనమీద ఏమైన ఉన్నదని జ్ఞాపకము వచ్చినయెడల, అర్పణము అక్కడనే విడిచి, మొదట వెళ్లి సమాధానపడవలెనని ప్రభువు చెప్పెను. ఆ మాట విన్నవారు గలిలయలోని కొండమీద కూర్చుండిరి. బలిపీఠము యెరూషలేములో ఉండెను. నడుమ వంద కిలోమీటర్లకు పైబడిన దారి. కాలినడకను కొన్ని దినముల ప్రయాణము. అంతదూరము వచ్చి, వంతు దగ్గరపడిన తరువాత, అర్పణము విడిచి, మరల ఊరికి నడిచిపోయి, సమాధానపడి, తిరిగి రావలెను. అంత పనియైనను చేయుమనుచున్నాడు. మన సహోదరుని ఇల్లు రెండు వీధుల అవతల ఉన్నది. దూరదేశములో ఉన్నయెడల ఫోను చేయవచ్చును. మనకున్న సాకు ఏది?

"తప్పు వానిది, నేనేల ముందుగా పోవలెను?" అని అడుగుదుము. సహోదరునికి మనమీద ఏమైన ఉన్నయెడల మనము వెళ్లవలెనని మత్తయి 5వ అధ్యాయము. సహోదరుడు మనకు తప్పు చేసినను మనమే వెళ్లవలెనని మత్తయి 18వ అధ్యాయము. ఎటు చూచినను లేవవలసినవారము మనమే. ఈ వాక్యములు విని ఇద్దరును లేచినయెడల ఆ గట్టుమీదనే కలిసికొందురు.

వెళ్లునప్పుడు చిన్నమాట చెప్పిన చాలును. "అన్నా, గట్టు నేనే జరిపితిని. తప్పు నాది. రేపు మనిషిని పిలిచి సరిచేయించెదను. క్షమించుము." అంతటితో ఆగవలెను. "నీ మనస్సు నొచ్చియుంటే" అని అనుమానముతో మొదలుపెట్టకూడదు. "నేను ఇది చేసితిని గాని నీవు అది చేయలేదా?" అని ముడివేయకూడదు. అతడు వెంటనే చేయి చాపకపోయినను కోపపడకూడదు. ఎనిమిదేండ్ల పుండు ఒక్క పూటలో మానదు.

క్షమించువారితో ఒక మాట

అన్యాయము పొందినవారిని మనము తొందరపెట్టకూడదు. తాగివచ్చి కొట్టు భర్త ఆదివారమున ఏడ్చి ఒప్పుకొనినంత మాత్రమున, "అమ్మా, క్షమించి ఓర్చుకొనుము" అని భార్యను మరల ఆ దెబ్బల క్రిందికి పంపుట సమాధానము కాదు. ఆమె హృదయములోని పగను దేవునికి అప్పగింపవచ్చును. తన ప్రాణమును దెబ్బలకు అప్పగింపనక్కరలేదు. ఆ భర్త మారుమనస్సుకు ఫలము కనబడువరకు ఆమెకు నీడ చూపుట సంఘము పని. పసిపిల్లలకు జరిగిన అన్యాయమును "మనలో మనము సరిచేసికొందము" అని పెద్దలు కప్పిపెట్టకూడదు. చట్టము శిక్షించు నేరమును చట్టము నెదుట ఒప్పుకొనుటయు ఒప్పుకోలులో భాగమే. క్షమాపణ గాయమును కట్టును. గాయము లేదని చెప్పదు.

నాలుగవ మెట్టు: క్షమాపణను నమ్ముట

సరిచేయగలిగినంత సరిచేసితిమి. అయినను కొందరి మనస్సు నిమ్మళింపదు. పూడ్చిన నూతిని మరల త్రవ్వినట్లు పాత పాపమునే ప్రతి కూటములోను త్రవ్వుకొందురు. వారికి తప్పిపోయిన కుమారుని కథ చాలును. పందుల దొడ్డిలో కూర్చుండి, తండ్రితో చెప్పవలసిన మాటలు వాడు వరుసగా కూర్చుకొనెను. కడపటి మాట, తన్ను కూలివానిగా పెట్టుకొనుమని. అయితే లూకా 15వ అధ్యాయములో తండ్రి యెదుట వాడు పలికిన మాటలు చదువుడి. ఆ కడపటి మాట అక్కడ లేదు. అది నోటికి రాకముందే తండ్రి వస్త్రము తెమ్మనెను, ఉంగరము తెమ్మనెను, చెప్పులు తెమ్మనెను. మనము కూలివారమగుదమని బేరము పెట్టుచుండగా ఆయన కుమారులుగా పిలుచుచున్నాడు.

పేతురును చూడుడి. నిప్పుమంట యొద్ద చలికాచుకొనుచు మూడుసార్లు ప్రభువును ఎరుగననెను. లేచిన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, ముందుగా భోజనము పెట్టి, ఆ తరువాత మూడుసార్లు అడిగెను. తప్పిన చోటుకే తీసికొనిపోయి అక్కడనే నిలువబెట్టి, గొఱ్ఱెలను అప్పగించెను. యూదాకును పేతురుకును కన్నీళ్లలో భేదము లేదు; వారు ఆ కన్నీళ్లతో ఎక్కడికి పోయిరను దానిలోనే భేదము. మనము మన పాపములను ఒప్పుకొనినయెడల ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక క్షమించునని యోహాను మొదటి పత్రిక మనకు హామీ ఇచ్చుచున్నది. మన కన్నీళ్ల లోతునుబట్టి కాదు, సిలువమీద చెల్లింపబడినదానినిబట్టి క్షమాపణ.

ఈ వారము ఇంటిలో

ప్రభు భోజనమునకు ముందు వారమును ఇట్లు గడుపవచ్చును. సోమవారము రాత్రి దీపము యొద్ద నిర్గమకాండము 20వ అధ్యాయములోని పది ఆజ్ఞలు చదివి, ఒక్కొక్క ఆజ్ఞ యొద్ద కొంతసేపు మౌనముగా ఉందము. మంగళవారము 51వ కీర్తన. బుధవారము, జ్ఞాపకమునకు వచ్చిన పాపములను పేరు పెట్టి ప్రభువునకు చెప్పుదము. చదువురానివారు వ్రేళ్లమీద లెక్కించుకొనవచ్చును. దేవునికి కాగితము అక్కరలేదు. గురువారము, ఇయ్యవలసినది ఇచ్చివేయుదము. చేతిలో లేనియెడల ఎప్పుడు ఎంత ఇచ్చెదమో చెప్పి వచ్చెదము. శుక్రవారము, మాటలేనివారి గడప తొక్కుదము. శనివారము రాత్రి పండుకొనుటకు ముందు భార్యాభర్తలు ఒకరినొకరు క్షమాపణ అడుగుదురు గాక; పిల్లలను అన్యాయముగా కొట్టినయెడల తండ్రి పిల్లలను అడుగుట సిగ్గు కాదు. అట్టి తండ్రి మాటను ఆ పిల్లలు బ్రతికినంతకాలము జ్ఞాపకముంచుకొందురు.

ప్రసంగము కాగానే చెప్పులు వేసికొని వెళ్లిపోవుచున్న సహోదరుడా, సహోదరీ, ఈసారి వెళ్లకుడి. ఆ రాత్రి మేడగదిలో బల్ల చుట్టు కూర్చున్నవారిలో ఒకడు కోడి కూయకముందే బొంకబోవుచుండెను, మిగిలినవారును పారిపోబోవుచుండిరి. అది ప్రభువునకు తెలియును. తెలిసియే రొట్టె విరిచి ఇచ్చెను. మధ్యనున్న ఒక్క పనిని ఈ వారములో ముగించి రండి. ఆదివారమున ఆ ముసలితల్లి వెనుక వరుసనుండి తలయెత్తి చూచినప్పుడు, ఇద్దరు కుమారులు ఒకే చాపమీద మోకరించి ఉందురు గాక.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా హృదయపు మూలలలో దాగియున్నవి నీకు తెలియును. వాటిని చూచుటకు మాకు వెలుగిమ్ము. చూచినదానిని పేరు పెట్టి చెప్పుటకు నోరిమ్ము. చెప్పినదానిని సరిచేయుటకు చేతులనిమ్ము. మేము మాటలాడని గడపలకు మమ్మును నడిపించుము. మా వలన గాయపడినవారిని నీవే ఆదరించుము. భయముచేత నీ బల్లకు దూరమైనవారిని చేయి పట్టుకొని తీసికొనిరమ్ము. నీ కుమారుని రక్తము మాకు చాలునని నమ్ముటకు మా అల్పవిశ్వాసమునకు సహాయము చేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.